ముల్లూ మట్టమూ

పాతకాలపు నాలుగు సిలిండర్ల మోటార్‌సైకిల్‌కి కార్బురేటర్లు నాలుగు. వాటిని ఒకదానితో ఒకటి సమం చేసే స్క్రూలు మాత్రం మూడే. 1980ల నాటి యమహా ఎక్స్‌జే650 లాంటి జపాను బండ్లలో నాలుగు కార్బులనూ వరసగా ఒకే చట్రానికి బిగించి ఉంచుతారు. ఒకటికీ రెండుకీ మధ్య ఒక స్క్రూ, మూడుకీ నాలుగుకీ మధ్య ఒకటి, ఆ రెండు జంటల్నీ కలుపుతూ నడుమ ఇంకొకటి ఉంటాయి. ఇంట్లో కార్బులు సమం చేసుకుందామనుకునేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగరు. సిలిండర్లు నాలుగు కనుక గేజీలూ నాలుగు కావాలనుకుని, నాలుగు డయళ్ల సెట్టు కొనేస్తారు. కానీ స్క్రూ ఏదైనా అది ఒక జంట సంగతే చూస్తుంది, ఆ జంటలో ఇద్దరూ సమానమా కాదా అన్నదే దాని ప్రశ్న. ఎవరి పీల్పు ఎంత అన్నది ఏ స్క్రూకీ అక్కర్లేదు.

అందుకే ఈ పనికి వాడే రెండు పరికరాల్ని పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. ఒకటి, ముల్లు తిరిగే వ్యాక్యూమ్ గేజీల సెట్టు. రెండోది, ఒక చెక్కకి యూ ఆకారంలో బిగించి సగం వరకూ నూనె పోసిన పారదర్శక ప్లాస్టిక్ గొట్టం. మొదటిది కొనేది, రెండోది చేసుకునేది. చూడగానే మొదటిదే పెద్దమనిషిలా కనిపిస్తుంది.

ముందు కొలిచేది ఏమిటో చూద్దాం. ఇంజన్ ఐడ్లింగులో ఉన్నప్పుడు కార్బులో గాలి దారిని మూసి తెరిచే పలక, అంటే బటర్‌ఫ్లై, దాదాపు మూసుకునే ఉంటుంది. పిస్టన్ కిందికి దిగుతూ గాలిని లాగుతుంది, దారేమో ఇరుకు. అందుకని బటర్‌ఫ్లైకి ఇంజన్ వైపున పీడనం బయటి గాలికన్నా బాగా పడిపోతుంది. ఇలాంటి ఇంజన్లలో ఆ తేడా ఇంచుమించు 180 నుంచి 250 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. ఒక బటర్‌ఫ్లై పక్కదానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుంటే ఆ సిలిండర్ ఎక్కువ గాలి తాగుతుంది, దాని వ్యాక్యూమ్ తగ్గుతుంది. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ వెంట్రుకవాసి లెక్కలోకే రాదు. దారి ఇరుగ్గా ఉన్న ఐడ్లింగులో అదే పెద్ద భాగం. సిగ్నల్ దగ్గర ఆగితే క్లచ్ వైపు నుంచి గలగలమనడం, ఆర్‌పీఎం ఒకచోట నిలవకపోవడం, తక్కువ వేగంలో హ్యాండిల్ చేతుల్లో జివ్వుమనడం, చాలాసార్లు ఈ అసమానత తెచ్చేవే.

గేజిలో ఉండేది బూర్దాన్ గొట్టం. ఫ్రాన్సులో యూజీన్ బూర్దాన్ 1849లో పేటెంటు తీసుకున్న ఆలోచన అది. కొడవలిలా వంచిన పలచని లోహపు గొట్టం, లోపలి పీడనం మారితే కొంచెం ముడుచుకుంటుంది, కొంచెం విచ్చుకుంటుంది. ఆ కదలికని చిన్న పళ్లచక్రాలు పెంచి ముల్లుని తిప్పుతాయి. ఆవిరి బాయిలర్లకి ఇది వరం. మన పనికి మాత్రం రెండు చిక్కులున్నాయి. ఫోర్‌స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకి ఒకసారే గాలి పీలుస్తుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకి 8 సార్లకు పైగా. ఆ దెబ్బలన్నీ ముల్లుకి తగులుతాయి, ముల్లు ఒక గీతలా కాక విసనకర్రలా కనిపిస్తుంది. అందుకే గొట్టంలో సన్నని రంధ్రమో, తిప్పితే బిగిసే చిన్న వాల్వో పెడతారు. దాన్ని బిగించేకొద్దీ ముల్లు కుదురుకుంటుంది. మరీ బిగిస్తే, గేజి వైపు ఏ జాయింటులోనైనా చీమతలంత లీకు ఉంటే చాలు, ముల్లు తక్కువ చూపిస్తూ నిశ్చింతగా నిలబడిపోతుంది. కదలని ముల్లుని చూసి అది నిజమే చెబుతోందనుకోవడం సహజం.

రెండో చిక్కు ఇంకా మౌలికమైనది. 760 మిల్లీమీటర్ల స్కేలు మీద 2.5 శాతం తప్పుని అనుమతించే తరగతి గేజి తీసుకోండి. దాని నిబంధన ప్రకారమే అది 19 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. కవాసాకి చాలా బండ్ల మాన్యువళ్లలో సిలిండర్ల మధ్య ఉండదగ్గ తేడా అంతా కలిపి 2 సెంటీమీటర్లే, అంటే 20 మిల్లీమీటర్లు. రెండు గేజీలు చెరోవైపు తప్పితే, రెండూ తమ తరగతికి న్యాయం చేస్తూనే, సమానంగా ఉన్న కార్బులని అసమానంగా చూపించగలవు. దీనికి మందు లేకపోలేదు. అన్ని గేజీలనీ వంతులవారీగా ఒకే సిలిండర్‌కి తగిలించి ఏది ఎంత తప్పు చెబుతోందో రాసుకోవాలి. గేజీలు కొన్న వాళ్లలో ఈ పని చేసేవాళ్లు తక్కువ.

ఇక గొట్టం. తాపీమేస్త్రి ఇంటి పునాది ఈ మూల నుంచి ఆ మూలకి మట్టం చూసే నీళ్ల పైపు లాంటిదే ఇది. ఆ పైపుకి భూమి ఎంత ఎత్తులో ఉందో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. యూ గొట్టం రెండు కొసల్నీ రెండు సిలిండర్ల వ్యాక్యూమ్ పోర్టులకి తగిలిస్తే, ఎక్కువ లాగే వైపు నూనె పైకెక్కుతుంది. రెండూ సమానంగా లాగితే మట్టం సమానం. అచ్చుగీతలు అక్కర్లేదు, తప్పు చూపించే తరగతీ లేదు, అరిగే పళ్లచక్రాలూ లేవు.

దీని సున్నితత్వం చూస్తే గేజి జాలిగొలుపుతుంది. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు, మామూలు నూనె నీటికన్నా కాస్త తేలిక. పది మిల్లీమీటర్ల పాదరసం తేడా నూనె మట్టంలో దాదాపు 16 సెంటీమీటర్ల తేడాగా కనిపిస్తుంది. అదే తేడాకి అరచేతిలో పట్టే డయల్ మీద ముల్లు జరిగేది మిల్లీమీటరున్నర లోపే, అదీ అదిరే ముల్లు. పైగా నూనె చిక్కదనమే ఆ సెకనుకి 8 దెబ్బల్ని మింగేస్తుంది. గేజీకి వేరే వాల్వు పెట్టి తెచ్చుకునే నిలకడ నూనెకి పుట్టుకతోనే ఉంది.

అయితే ఈ సున్నితత్వమే దాని గండం. సిలిండర్ పూర్తి వ్యాక్యూమ్ 250 మిల్లీమీటర్లనుకుంటే, దాన్ని నూనెలో నిలబెట్టడానికి దాదాపు 4 మీటర్ల ఎత్తు కావాలి. చెక్క రెండు మీటర్లే. కార్బులు బాగా అసమానంగా ఉన్నా, ఒకవైపు గొట్టం ఊడినా, నూనె క్షణాల్లో ఇంజన్‌లోకి పోతుంది. అనుభవజ్ఞులు 2టీ ఆయిల్ పోయడానికి కారణం ఇదే. పొరపాటున లోపలికి పోయినా తెల్లటి పొగతో కాలిపోతుంది. గొట్టం ఒక్కో కొసకీ ఇంజన్‌కీ మధ్య ఒక్కో చిన్న సీసా పెడితే ఆ పొగ కూడా తప్పుతుంది. అంతకన్నా మంచిది, కార్బులు బల్ల మీద ఉన్నప్పుడే ప్రతి బటర్‌ఫ్లై కింద ఒకే సన్నటి తీగ దూర్చి దగ్గర దగ్గరగా సరిచేసుకోవడం. గేజీకి ఈ ముందు జాగ్రత్త అక్కర్లేదు. ఎంత పాడైన ఇంజన్‌కైనా తగిలించొచ్చు.

గొట్టం మీద నా అసలు ఫిర్యాదు నూనె గురించి కాదు. దానికి సమానత్వం తెలుసు, ఆరోగ్యం తెలియదు. మూడో సిలిండర్ ట్యాపెట్ గ్యాప్ లేక వాల్వు సరిగా మూసుకోవడం లేదనుకోండి. దాని వ్యాక్యూమ్ తక్కువగా ఉంటుంది. గొట్టం మట్టం తేడా చూపిస్తుంది, మనం స్క్రూ తిప్పుతాం, ఆ సిలిండర్ బటర్‌ఫ్లై మరికాస్త మూసుకుంటుంది, వ్యాక్యూమ్ పెరుగుతుంది, మట్టం సమానమవుతుంది. రోగం ఉన్న సిలిండర్‌కి తిండి తగ్గించి అందరూ సమానమే అని తేల్చామన్నమాట. కార్బుకీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలి గాలి దూరుతున్నా ఇదే కథ. డయల్ ముందు అలా దాక్కోవడం కష్టం. మూడు సిలిండర్లు 220 దగ్గర, ఒకటి 150 దగ్గర ఉంటే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి వెతకాల్సింది వేరే చోట అని తెలిసిపోతుంది. ముల్లుకి ఉన్న గొప్పతనం ఇక్కడ. సమం చేయడంలో కాదు, సమం చేయడానికి ఇంజన్ అర్హమా కాదా చెప్పడంలో.

ఇదే పనికి ఒకప్పుడు వాడిన పాదరసం స్తంభాల సంగతి త్వరగా దాటేయొచ్చు. నాలుగు గాజు గొట్టాల్లో నాలుగు పాదరసం మట్టాలు, ఒక్క చూపులో నలుగురి లెక్క. పనిలో దానికి సాటి లేదు. కానీ పాదరసం విషం, ఇంజన్ లాగేస్తే సైలెన్సర్ నుంచి ఆవిరిగా వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2009 నుంచి పాదరసం ఉన్న కొలత పరికరాలని సామాన్య జనానికి అమ్మడం ఆగింది. ఆ తరవాత పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం వచ్చింది, భారత్ దానిని 2018లో ఆమోదించింది. పాత సెట్టు ఎక్కడైనా దొరికినా ఇంటికి తెచ్చుకోకండి.

ఎక్స్‌జేలాంటి చట్రం లేని బండి దగ్గర పోలిక ఇంకోలా తేలుతుంది. బీఎండబ్ల్యూ ఆర్75/5లో సిలిండర్లు ఎడమకొకటీ కుడికొకటీ అడ్డంగా పొడుచుకుని ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో బింగ్ కార్బు, ఒక్కో కేబులు. ఇక్కడ సమం చేయాల్సింది రెండుసార్లు. ఐడ్లింగులో స్టాప్ స్క్రూలతో ఒకసారి, కాస్త ఎక్సలేటర్ ఇచ్చాక కేబుళ్ల సర్దుబాటుతో మరోసారి. సిలిండర్లు రెండే కాబట్టి యూ గొట్టానికి ఇంతకన్నా మంచి పెళ్లిసంబంధం కుదరదు. ఈ బండ్లవాళ్లలో పేరున్న ట్విన్‌మ్యాక్స్ అనే ఎలక్ట్రానిక్ పరికరం చూడండి, దానికి ఒకటే ముల్లు, మధ్యలో సున్నా. అంటే డబ్బు పెట్టి కొనే పరికరం కూడా చివరికి తేడాని మాత్రమే చూపించే గొట్టం దారికే వచ్చింది. పాతకాలపు మెకానిక్కులు ఇవేవీ లేకుండా ఒక్కో ప్లగ్గుని వంతుల వారీగా ఎర్త్ చేసి, మిగిలిన సిలిండర్ ఒక్కదాని మీద ఇంజన్ ఎంత తగ్గుతుందో చెవితో వినేవారు. ఆ పద్ధతి పీల్పుని కాదు, పనిని కొలుస్తుంది. ఆ మేరకి అది గొట్టం కన్నా తెలివైనది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చాక మాత్రం ఎర్త్ సరిగా తగలకపోతే ఇగ్నిషన్ యూనిట్టే పోవచ్చు.

మన రోడ్ల మీద బండ్లలో ఎక్కువ భాగానికి ఒకే సిలిండర్, కాబట్టి ఈ గొడవే లేదు. రెండు కార్బులున్న బండి అనగానే తెలుగు పాఠకులకి గుర్తొచ్చే రాజ్‌దూత్ 350ది వేరే దారి. యమహా ఆర్‌డీ350 నుంచి వచ్చిన ఆ టూస్ట్రోక్ ఇంజన్‌ని వ్యాక్యూమ్ చూసి సమం చేయరు. దానిలో బటర్‌ఫ్లై కాదు, కేబులు లాగితే పైకి లేచే స్లైడు. ఎయిర్ ఫిల్టర్ గొట్టాలు తీసి, కార్బు నోట్లో వేలు పెట్టి, రెండు స్లైడులూ ఒకే క్షణంలో కదలడం మొదలెడుతున్నాయా లేదా చూసి కేబుళ్ల అడ్జస్టర్లు తిప్పుతారు. రెండు పరికరాలకీ అక్కడ పని లేదు.

ఫోర్‌స్ట్రోక్‌కి తిరిగి వస్తే, ఏ పరికరం తగిలించినా ముందు చేయాల్సినవి ఒకటే. ట్యాపెట్లు సరిచూడాలి, రబ్బర్లు పగల్లేదని తేల్చుకోవాలి, ఇంజన్ బాగా వేడెక్కాలి. ట్యాంకు దింపుతాం కాబట్టి చిన్న డబ్బాతో పెట్రోలు ఎత్తు నుంచి అందించాలి. కదలకుండా నిలబడిన ఎయిర్‌కూల్డ్ ఇంజన్ ముందు ఫ్యాను పెట్టాలి. మూసిన గదిలో మాత్రం ఎప్పుడూ చేయకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. స్క్రూ తిప్పిన ప్రతిసారీ ఎక్సలేటర్ ఒకసారి చిన్నగా ఇచ్చి వదిలి, మట్టమో ముల్లో కుదురుకునేదాకా ఆగాలి. స్క్రూకి లాక్ నట్టు ఉంటే దాన్ని బిగించాక మళ్లీ చూడాలి, ఎందుకంటే బిగించేటప్పుడే లెక్క కదులుతుంది.

ఇంట్లో ఒక బండికి కావాలంటే నేను చెప్పేది ఇదీ. నాలుగు డయళ్ల సెట్టు వద్దు, ఒకే ఒక్క మంచి డయల్ కొనండి. దాన్నే నాలుగు పోర్టులకీ వరసగా తగిలించి చూస్తే గేజి తప్పు నలుగురికీ ఒకటే, ఎవరు వెనకబడ్డారో స్పష్టంగా తెలుస్తుంది. ఎవరూ మరీ వెనకబడలేదని తేలాక నూనె గొట్టం తగిలించి ఒకటీ రెండూ, మూడూ నాలుగూ, ఆ తరవాత నడుమ స్క్రూ, ఈ వరసలో సమం చేయండి. మిగతా మూడు డయళ్ల డబ్బుతో ఫీలర్ గేజి, కొన్ని షిమ్‌లు తెచ్చుకోండి. ఎక్స్‌జే650లో ట్యాపెట్లు సరిచేసేది షిమ్‌లతోనే.