ముందు బొమ్మ, తర్వాతే సూత్రం

తాడిపత్రిలో ఫిజిక్సు లెక్కలకు మాత్రం కరువు లేదు. నాపరాళ్ల పాలిషింగు యూనిట్లు, లోడెత్తుకున్న లారీలు, గుంతకల్లు–రేణిగుంట లైనులో గూడ్సు బండ్లు, చేలల్లో బోర్లు. అయినా ఎంపీసీ పిల్లలు లెక్క చదవగానే అడిగేది ఒకటే: "ఏ ఫార్ములా వెయ్యాలి సార్?" తప్పు వాళ్లదనలేం. ఈఏపీసెట్‌లో 160 బిట్లకు 180 నిమిషాలు; అందులో 40 ఫిజిక్సువి. బొమ్మ గీసే తీరిక ఎక్కడిది?

పాత పద్ధతిలో మాత్రం బొమ్మ లేనిదే లెక్క కదలదు. దత్తాంశం, కనుక్కోవలసింది, బొమ్మ. సూత్రం ఆ తర్వాతే. 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం ఉన్న నాపబండ దాదాపు 29 కిలోలు తూగుతుంది. దాన్ని లారీకి ఏటవాలుగా ఆనించిన చెక్క మీద పెట్టారనుకోండి. లారీని, హమాలీని, చెక్కను వదిలేసి బండ ఒక్కదాన్నే గీయాలి. దాని మీద పనిచేసే బలాలకు బాణాలు వేయాలి: కిందికి బరువు, చెక్కకు లంబంగా ప్రతిచర్య, జారకుండా పట్టే ఘర్షణ. అంతే, మూడే. "జారే బలం" అంటూ నాలుగో బాణం వేసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. అది బరువులో ఒక అంశమేనని, ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కేస్తున్నామని బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. చెక్క వాలు మెల్లగా పెంచుతూ పోతే ఒక కోణం దగ్గర బండ కదులుతుంది. ఆ కోణం టాన్ విలువే స్థైతిక ఘర్షణ గుణకం. మరి 29 కిలోలు? లెక్కలో కొట్టుడుపోయింది! ఇచ్చిన అంకెలన్నీ వాడి తీరాలన్న భ్రమ కూడా దాంతోపాటే పోవాలి.

శక్తి లెక్కకు బోరును మించిన ఉదాహరణ లేదు. 200 మీటర్ల లోతు నుంచి సెకనుకు లీటరు నీళ్లొస్తున్నాయనుకుందాం. గురుత్వ త్వరణం 10 అనుకుంటే 1 × 10 × 200, అంటే 2,000 వాట్లు. 5 హెచ్‌పీ మోటారు ఇవ్వగలిగింది 3,730 వాట్లు. మిగిలిన 1,730 వాట్లు పంపులోనూ పైపులోనూ పోయాయి. దారి పొడుగునా ఏం జరిగిందో తవ్వక్కర్లేదు, మొదలూ చివరా చూస్తే చాలు. నీటిమట్టం 300 మీటర్లకు దిగితే అదే లీటరుకు 3,000 వాట్లు కావాలి. నష్టాలు పోను ఆ మోటారుకు అది తలకు మించిన పని.

లో వోల్టేజికి మోటారు కాలడం రైతులందరికీ తెలుసు. ఓం నియమం కంఠతా పట్టిన పిల్లవాడికే అర్థం కాదు: వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గాలి కదా? హీటరు తీగకైతే నిజమే. మోటారు మీద నీటి భారం అలాగే ఉంటుంది కనుక అది దాదాపు అంతే పవరు లాగుతుంది. 415 వోల్టులు 332కు పడితే కరెంటు సుమారు 1.25 రెట్లవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక దాదాపు 1.56 రెట్లు. వైండింగు మాడక ఏం చేస్తుంది?

ద్రవ్యవేగం దగ్గర చిక్కు ఒకటే. కదిలే వ్యాగను ఆగి ఉన్న అలాంటి వ్యాగనుకు తగిలి, రెండూ కలిసి కదిలితే వేగం సగమవుతుంది. గతిజశక్తి నిత్యత్వం వేసినవాడికి 0.7 రెట్లు వస్తుంది. నిజానికి ఆ శక్తిలో సగం చప్పుడుగా, వేడిగా పోయింది. ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చుకున్నాకే పెన్ను కదపాలి.

షార్ట్‌కట్లు వద్దని నేననను, పరీక్ష పరీక్షే. కానీ ఫస్టియర్ చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం: వారానికి ఒక్క లెక్కయినా మన ఊరి బోరు మీదో బండ మీదో ఇవ్వండి, సగం మార్కులు బొమ్మకే వేయండి.