రాజశేఖర చరిత్రమున చావడి గోష్ఠి

ధవళేశ్వరమును సిరొంచను కలుపునది గోదావరి యొక్కటియే కాదు. ఒకప్పుడు ఆ రెండూళ్లను ఒకే పథకము ముడివేసినది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట, నాగపూరు ప్రాంతపు ప్రత్తిని పడవలపై సముద్రమునకు దింపుటకై తలపెట్టిన జలమార్గము దుమ్ముగూడెము, ఇచ్చంపల్లి దాటి, సిరొంచ మీదుగా ప్రాణహితలోనికి సాగవలసియుండెను. 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచయే ముఖ్యపట్టణము. 1871లో జలమార్గపు పని విడువబడినది. 1874లో జిల్లాయు చీలి, భద్రాచలము, రేకపల్లి తాలూకాలు చెన్నరాజధానిలోని గోదావరి జిల్లాకు పోగా, సిరొంచ చాందా జిల్లాలో కలిసెను. ఆ 1874లోనే ధవళేశ్వరమున ఉపాధ్యాయుడుగా నున్న కందుకూరి వీరేశలింగము 'వివేకవర్ధని'ని ప్రారంభించెను. 1878లో ఆ పత్రికయందే 'రాజశేఖర చరిత్రము' వెలువడసాగెను.

ఈ పొత్తును తలచుటకు కారణము లేకపోలేదు. విక్టోరియా రాణి నాటి ఎగువ గోదావరి తీరమును గూర్చి తెలిసికొనగోరువారికి 1870 నాటి గ్రాంటు గెజెటీరు వంటి గ్రంథములే మొదట దొరకును. పంటలు, అడవులు, బాటలు, కులములు వానిలో గలవు. కాని ఒక యింటి చావడిలో ప్రొద్దుట ఎవరు చేరిరి, ఏమని పలికిరి, ఏమి ఆశించి వచ్చిరి అను విషయము అధికారి లెక్కకు అందునది కాదు. సిరొంచ చెంత గ్లాస్‌ఫర్డ్‌పేట యను ఊరిపేరు దొరతనపు జాడను నిలుపుకొన్నది గాని, ఆనాటి తెలుగువారి సంభాషణను నిలుపలేదు. అట్టి సంభాషణకు అదే నదికి దిగువనున్న ధవళేశ్వరపు కథయే దగ్గరి సాక్ష్యము.

కథ పెద్దాపురపు కృష్ణజగపతి మహారాజు నాటిదిగా చెప్పబడినను, రాజశేఖరుని చావడిలో కూర్చున్నవారు గ్రంథకర్త కన్నులార చూచినవారే. గృహస్థు నోరు మెదపకమునుపే మెచ్చుకొనువారు, బంధుత్వము త్రవ్వి తీయువారు, అప్పు పేర దానము పట్టుకొనిపోవువారు, ముహూర్తములు చెప్పువారు అచట చేరుదురు. బైరాగి స్వర్ణవిద్య పేర ఇంటిలోని బంగారమును అపహరించుటను కథకు మలుపుగా పలువురు ఎంచుదురు. నిజమునకు బైరాగి ఆ గోష్ఠిలో కడపటివాడు మాత్రమే. వచ్చినవాని మాట నమ్ముట, అడిగినవానికి లేదనకుండుట అను అలవాటును చావడి అదివరకే నేర్పియుండెను. ఇల్లు తాకట్టుపడిన నాడు ఆ చావడి ఖాళీయగును.

ఈ నవలపై మొదటినుండియు గల ఆక్షేపణ అనుకరణదోషము. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి మొదలైనవారు దీనిని తీవ్రముగా విమర్శించిరి. గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నుండి కథాబీజము వచ్చినదనుట వాస్తవమే. సాధువైన గృహస్థు, ధననాశము, ఊరు విడుచుట, చెఱసాల ఇందును గలవు. అయినను గోష్ఠివిషయమున ఆక్షేపణ నిలువదు. వేక్‌ఫీల్డు మతాచార్యుని యింటికిని దూరపు చుట్టములు వచ్చి అతని ఇంటి ద్రాక్షాసవము వంటి పానీయమును సేవింతురు. కాని అక్కరలేని అతిథిని వదిలించుకొను ఉపాయము ఆయనకు తెలియును. ఏ పైకోటో, జోళ్లో, కొద్దిపాటి వెలగల గుఱ్ఱమో ఎరువిచ్చినచో ఆ మనుష్యుడు తిరిగి మొగము చూపడు. అతని సొమ్ము పోవుట ఎచటనో ఒక వర్తకుని మోసమువలన. అతిథులకు దానితో పొత్తు లేదు. రాజశేఖరునకు ఆ ఉపాయము తెలియదు, తెలిసినను పనికిరాదు. ఇచట ఎరువు పుచ్చుకొన్నవాడు మరునాడు మరల వచ్చును! ఇంటి నాశమునకు ఇంటి గోష్ఠినే హేతువుగా నిలుపుట వీరేశలింగముగారి సొంత కల్పన. 1887లో హచిన్‌సన్ ఈ నవలను ఆంగ్లీకరించి 'అదృష్టచక్రము' అను అర్థమిచ్చు పేరు పెట్టెను. పేరు ఇంపుగా నున్నది గాని, చావడిని చదివినవారు ఆ పతనమును అదృష్టమునకు అంటగట్టజాలరు.

అయితే దోషమును మరొకచోట చూపవలసియున్నది. ఎలిజబెత్ గాస్కెల్ 1853 నాటి 'క్రాన్‌ఫర్డ్' అను నవలలో ఇంగ్లండునందలి ఒక చిన్న ఊరి స్త్రీల తేనీటి గోష్ఠులను వర్ణించెను. పలుచని రొట్టెముక్కలు పెట్టి, పేదరికమును ఒకరిదొకరు చూడనట్లు నటింతురు. ఆ నటన నవ్వు పుట్టించును. బ్యాంకు మునిగి మిస్ మాటీ సర్వము కోల్పోయినప్పుడు ఆ స్త్రీలే రహస్యముగా ఏటేట ఇంత యని ఇచ్చుటకు ఒప్పుకొందురు. నవ్వించిన అలవాటే ఇచట కరుణగా మారినది. వీరేశలింగముగారి చావడిలో ఇట్టి మార్పునకు తావే లేదు. వచ్చినవారందరు పొగడుటకే పుట్టినట్లుందురు. ఒకని మాటకును మరియొకని మాటకును తేడా కానరాదు. ఇంత జనములో కష్టమునాడు గడప త్రొక్కు ఒక్క ముదుసలియైన లేకుండుట నమ్మదగినదిగా లేదు. సంస్కర్త చెప్పదలచిన పాఠము కథకుని చూపును కప్పివేసినది. నదీతీరమున నీళ్లకు వచ్చిన స్త్రీల మాటలయందు మాత్రము ఆయన కలము తనంతట తాను కదలినది. అచట ఎవరిని మెచ్చుకొను పనియు లేదు గనుక పలుకులు సహజముగా వినబడును.

మరియొక మాట. చావడి సంపన్న బ్రాహ్మణ గృహమునకు చెందినది. గోండుల నడుమ, మరాఠీతోను గోండితోను కలిసి మెలగిన సిరొంచ తెలుగు కుటుంబపు అరుగు అట్టిదే యనుకొనుట పొరపాటగును. అడవిసీమలో ఎడ్లబండితో వచ్చినవాడు రాత్రికి ఆగుట ముఖస్తుతికై కాదు. ముందు దారి లేకపోవుటచేత. అట్టి అరుగుపై పొగడ్తకంటె బాటసమాచారము, ఉప్పు ధర, నది పోటు ఎక్కువ విలువగలవై యుండును. ఈ భేదమును మనస్సునందుంచుకొని చదివినచో, ధవళేశ్వరపు చావడిలో ఎవరును నదిని గూర్చి గాని పంటను గూర్చి గాని గృహస్థునకు పనికివచ్చు మాట ఒక్కటియు తేకుండుట స్పష్టముగా కనబడును.