దసలి పురుగుకు దండం

దసలి పురుగా, నీకు దండం. గోదావరికి ఆవల చెన్నూరు, కోటపల్లి, ఈవల మహదేవపూర్. నది విడదీసిన రెండు అడవులకూ ఒకే పట్టుదారం నీది.

ఎండాకాలం మద్దిచెట్టు ఆకు రాల్చుకుంటుంది. నీ పట్టుకాయ మాత్రం రాలదు. కొమ్మను ఉంగరమై చుట్టిన గట్టి తొడిమతో వడగాలికి ఊగుతూ, లోపల ప్రాణాన్ని నిద్రపుచ్చుతుంది. తొలకరి పిలిచినాక నీ నోటి తడితోనే కాయ కొనను మెత్తబరుచుకొని, జానెడు రెక్కలతో వెలికి వస్తావు. రెక్కరెక్కకూ ఒక అద్దపు కన్ను. ఇక తిండి లేదు, బతికే ఆ కొద్దిరోజులూ జతకే. ఆడదాని వాసన చీకట్లో తేలితే, ఈకల మీసాలతో మగది దారి పట్టుకొని వస్తుంది. గుడ్లు 200 దాకా. పిల్ల నాలుగుసార్లు తోలు విడిచి పెరుగుతుంది. ఇక్కడ నల్లమద్ది, ఏరుమద్ది ఆకులే దాని ముఖ్యమైన అన్నం. అక్కడ మణిపూర్ కొండల్లో నీ చుట్టం ఓక్ ఆకు మేసి ఇట్లాగే పట్టు కడుతుంది. చెట్లు వేరు, మీ వ్రతం ఒకటే.

నీ మద్ది నీ ఒక్కదానిదే కాదు. చీమ నిన్ను వెతుకుతుంది, కందిరీగ వేటాడుతుంది, ఊజి ఈగ నీ ఒంటి మీదే గుడ్డు పెడుతుంది. పిట్టలు వాలకుండా నిన్ను పెంచే రైతు పొద్దంతా కాపలా ఉంటాడు. ఇందరి ఆకలికి చాలినంత కొలువున్నదే అడవి.

ఆ కొలువు చెదురుతున్నది. మద్దిని కొట్టి టేకును వరుసలు తీర్చిన చోట పచ్చదనం ఉంటుంది, నీకు బువ్వ ఉండదు. అక్కడ టేకు గొంగళ్లకే పండుగ. ఆకంతా గీకి ఈనెలే మిగులుస్తాయి. అడవి అంచు దాకా పత్తి చేలు, వాటి మీద పురుగుమందు. బొగ్గు కోసం తవ్విన నేల మీద మట్టి దిబ్బలు. వేసవిలో కార్చిచ్చు రేగితే కొమ్మన నిద్రపోయే నీ కాయ కొమ్మనే కాలిపోతుంది. 2012లో కవ్వాల్ పులుల రక్షిత అడవి అయింది. 2015 నుంచి హరితహారం పేరున ఊరూరా మొక్కలు నాటారు. పులికి కావలి దొరికింది, మొక్కకు లెక్క దొరికింది. పురుగు కూడా ఆ లెక్కలోకి రావాలె.

మొక్కలు నాటే చేతులారా! వాగు ఒడ్డున ఏరుమద్దిని, మెట్ట మీద నల్లమద్దిని టేకు నడుమ నాటండి. ఎండు మాను కనబడితే కొట్టుకపోకండి, అందులోనూ పురుగుల కాపురముంటుంది. వేసవిలో అడవికి నిప్పు పెట్టకండి. ఎన్ని చెట్లున్నాయని కాదు, ఎన్ని పురుగులు బతుకుతున్నాయని అడిగి అడవిని కొలవండి.