ఆదివారం పని చెయ్యం

నాగరికత అన్న మాట మా గూడెంలోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి బడి పుస్తకం. సింధులోయ, కాల్చిన ఇటుకలు, మురుగు కాలవలు అని పిల్లలకి నేనే చెబుతుంటాను. రెండోది చర్చి. దొరలు రాకముందు మనం అడవి మనుషులం, వాళ్లొచ్చి మనల్ని మనుషుల్ని చేశారు అని మా పాస్టర్లు ఇప్పటికీ ప్రసంగాల్లో అంటుంటారు. తెల్లచీరలు కట్టుకున్న మా అమ్మలు దానికి ‘ఆమెన్’ అంటారు. నా పేచీ ఈ రెండోదానితోనే.

ఒంగోలు బాప్టిస్టు మిషను నడిపిన జాన్ క్లౌ దొర 1910లో చనిపోయాడు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాసిపెట్టిన పుస్తకం ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ 1914లో వచ్చింది. మా తాతముత్తాతలు అచ్చులో కనపడే పుస్తకాలు తక్కువ గనక దీన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. బాప్తిస్మం తీసుకునే మాదిగలకి దొర పెట్టిన కట్టుబాట్లు అందులో మూడే మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. పైకి చూస్తే ఇవి పరలోకానికి సంబంధించిన మాటల్లా ఉంటయ్యి. కానీ మూడూ పోయి తగిలింది ఊరి రైతుకే.

ముందు ఆదివారం సంగతి. జీతగాడికి వారం ఉండదు. ఏడాది ఉంటది, అప్పు ఉంటది, అంతే. కోతల రోజుల్లో, కపిల తోలే రోజుల్లో ‘ఇయ్యాల రాను’ అనటానికి వాడికి నోరు లేదు. బొంబాయి మిల్లుల్లో ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కొట్లాడితే 1890లో ఆదివారం సెలవొచ్చింది. 1891 చట్టంతో ఫ్యాక్టరీ కూలీలకి వారానికో రోజు దొరికింది. పొలం కూలీకి అట్లాంటి చట్టం లేదు. అట్లాంటిది, అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒంగోలు చుట్టుపక్కల మాదిగ గూడేలు ‘ఆదివారం మేం రాం’ అన్నయ్యి. సంఘం లేదు, జెండా లేదు. దేవుడి మాట అడ్డం పెట్టుకుని అన్నయ్యి. దానికి ఊళ్లు ఊరుకోలా. పనులు మానిపించారు, నీళ్లు కట్టేశారు, కొట్టారు. సంఘ చరిత్ర రాసేవాళ్లు దీన్ని ‘విశ్వాసులకు కలిగిన శ్రమలు’ అని రాస్తారు. నేనైతే సమ్మె అంటాను. మా అవ్వ ఈ రెండు మాటలూ వాడలేదు. ‘ఆరు దినాలు ఆళ్లవి, ఒక దినం మంది’ అనేది.

రెండో కట్టుబాటుకి రెండు వైపులా పదునే. చచ్చిన గొడ్డుని లాక్కుపోవటం, తోలు తియ్యటం, చెప్పులు, కపిల బానకి తొండం కుట్టివ్వటం, ఇవన్నీ ఒక తాడుకి కట్టిన వెట్టి. మాంసం మానితే ఆ తాడులో ఒక పేట తెగింది. అది మంచిదే. కానీ దాంతోపాటు మన కూడు మీద మనకే రోత పుట్టించారు. ఆకలి రోజుల్లో పిల్లల్ని బతికించిన మాంసాన్ని పాపం అన్నారు. చంపింది తింటే నాగరికత, చచ్చింది తింటే అనాగరికమా? గొడ్డు చచ్చేదాకా దాని పాలు తాగిందెవరో ఆ లెక్కలోకి రాలేదు.

మూడోది మా ఇంటికి బాగా తగిలింది. పోలేరమ్మ కొలుపుల్లో డప్పు కొట్టటం మాదిగ పని. విగ్రహాలకి మొక్కొద్దంటే డప్పు కొట్టొద్దనే. మా ముత్తాత డప్పుని అటక మీదికెక్కించాడు. ఊరి ముందు ఒంగి కొట్టే పని పోయింది, దాంతోపాటే వాయిద్యమూ పోయింది. చర్చిలోకి హార్మోనియం వచ్చింది. 1994లో మా ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనాక గానీ డప్పు మళ్లీ తలెత్తుకోలా. అప్పుడు భుజానికి డప్పు తగిలించుకుని పోయిన మా చిన్నాన్న మా చర్చి పెద్ద కొడుకే.

ఇక అసలు సంగతి. ఈ కట్టుబాట్లని ఖాళీ కుండల్లో పోశారా? 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య మాదిగ. క్రీస్తు మాట వినకముందే రాజయోగం దారిలో నడిచినవాడు, గురువుని వెతుక్కున్నవాడు. దొర భార్య ఎమ్మానే తన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ పుస్తకంలో, 1899లో, అట్లాంటి మాదిగ సాధకుల గురించి రాసింది. క్లౌ దొర పేరయ్యకి విలువ ఇవ్వలేదని అనను, ఇచ్చాడు. పై కులాలవాళ్లు ‘మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం’ అన్నప్పుడు ఆయన మాదిగల పక్కనే నిలబడ్డాడు. అయినా ఆ పుస్తకాల్లో వెలుతురు ఒక్క వైపు నుంచే వస్తది. పేరయ్య తెచ్చిన దీపం ముచ్చటగా కనపడతది గానీ వెలుగుగా లెక్కకి రాదు.

మా మీద ఇంకో నింద ఉంది, కూటి కోసం కలిశారని. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ గుత్తకి తీసుకున్నాడు. కూలి ఇచ్చినన్నాళ్లూ, దాదాపు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది మునిగింది ఆ తర్వాతే. కూటికే అయితే కూడు పెట్టినప్పుడే మునిగేవాళ్లు గదా.

కలిసినవాళ్లకి 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకో కట్టుబాటు పెట్టింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు, మాకు తియ్యలా. మా రాష్ట్రంలో క్రైస్తవుడైన మాదిగ బీసీ-సీ, ఒక్క శాతంలో ఉంటాడు. బాప్తిస్మం తీసుకున్నాక ఊరోళ్లు వాణ్ణి పక్కన కూచోబెట్టుకున్నారా అని ఆ ఉత్తర్వు రాసినవాళ్లు అడగలా. జూన్‌లో బళ్లో చేర్చుకునేటప్పుడు మరియమ్మ బిడ్డకి కులం గడిలో ఏం రాయాలో అని తండ్రి నా మొహంలోకి చూస్తాడు. మాదిగే అంటాడు. గొంతు తగ్గించి అంటాడు.

మా చర్చిలో ఇప్పుడు ఆదివారం ఆరాధన పొద్దున ఆరింటికే పెట్టారు. పొగాకు పనుల రోజుల్లో ఎనిమిదింటికల్లా ఆటో వస్తది. ఆడవాళ్లు బైబిళ్లు ఇళ్లల్లో పెట్టి, సద్ది గిన్నెలు పట్టుకుని ఎక్కుతారు. పాస్టరు గారు కూడా ప్రసంగం కురచ చేశాడు.