శాలువా సరే, సంగతేమిటి?

సన్మాన సభలు మీరూ చూసే ఉంటారు. మదనపల్లె కానివ్వండి, పుంగనూరు కానివ్వండి, కుప్పం కానివ్వండి, సభ తీరు ఒక్కటే. వేదిక మీద ఆరు కుర్చీలు, ఎనిమిదిమంది పెద్దలు. ప్రార్థన పాడే అమ్మాయికి మైకు అందదు. ఆ తరువాత ఒకరి వెనక ఒకరు లేచి, పదవీ విరమణ చేస్తున్న పెద్దమనిషిని నిగర్వి అంటారు, మృదుభాషి అంటారు, అజాతశత్రువు అంటారు. శాలువా, పూలదండ, పళ్ళబుట్ట, అద్దం కట్టిన సన్మానపత్రం. అన్నీ అయ్యాక ఎవరికో గుర్తొచ్చి, "వారి సతీమణిగారిని కూడా వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం" అంటారు. ఆవిడ కొంగు సర్దుకుంటూ వచ్చి, ఫొటోకి నిలబడి, దిగిపోతుంది.

ఇందులో తప్పేముంది అంటారా? ఏమీ లేదు. ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషిని ఉత్త చేతుల్తో పంపించడం మన ఇంటా వంటా లేదు. నా పేచీ అంతా ఆ మాటలతోనే. ఆ పత్రంలో పేరొక్కటి మారిస్తే కరెంటు ఇంజనీరుకీ సరిపోతుంది, తాసీల్దారుకీ సరిపోతుంది. అందరికీ సరిపోయేలా కుట్టిన జాకెట్టు ఎవరికీ సరిగ్గా కుదరదని మనకి తెలియనిదా?

మిగతావారి మాటెలా ఉన్నా, ఒక చిత్రశాలకో పురావస్తు శాఖకో ఏళ్ళ తరబడి అధిపతిగా ఉండి దిగిపోయేవారికి ఈ మాటలు మరీ అన్యాయం చేస్తాయి. వంతెన కట్టినాయన వంతెన చూపించగలడు. చిత్రశాలని చూసుకున్నాయన ఏం చూపిస్తాడు? ఆయన చేసిందల్లా ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం. గోడ చెమ్మ బొమ్మకి ఎక్కకుండా, తాళపత్రానికి పురుగు పట్టకుండా, ఏ వస్తువు ఎక్కడినించి వచ్చిందో లెక్క తప్పకుండా చూడడం. సరిగ్గా జరిగినన్నాళ్ళూ ఆ పని ఎవరికీ కనపడదు, మానేసిన నాడే కనపడుతుంది. అదెలాంటి పనో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

హైదరాబాదు సంస్థానంలో గులాం యజ్దానీగారని ఒకాయన ఉండేవారు. 1914లో అక్కడ పురావస్తు శాఖ ఏర్పడినప్పటినించి 1943 దాకా, అంటే ఇరవై తొమ్మిదేళ్ళపాటు, ఆయనే దానికి డైరెక్టరు. అజంతా గుహలు అప్పట్లో నిజాం రాజ్యంలోవే. అక్కడి గోడలమీద రంగుపొరలు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంటే ఇటలీనించి నిపుణుల్ని రప్పించి అతికించే పని చేయించారు. ఆ బొమ్మలమీద ఆయన పుస్తకం నాలుగు భాగాలుగా వచ్చింది. మొదటిది 1930లో, ఆఖరిది 1955లో. తేదీలు చూడండి. మూడో భాగం 1946, నాలుగోది 1955. రెండూ ఉద్యోగం వదిలాక వచ్చినవే. బీదరు కట్టడాలమీద పెద్ద పుస్తకం 1947లో వచ్చింది, అదీ పదవి దిగాకే. పదవీ విరమణ అంటే పనికి విరమణ అని ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు!

మన ఓరుగల్లు పక్క రామప్ప గుడి ఉంది కదా, పాలంపేటలో. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మనందరం పొంగిపోయాం. ఆ పాలంపేట గుళ్ళమీద యజ్దానీగారి పుస్తకం అచ్చయింది 1922లో. తొంభై తొమ్మిదేళ్ళ ముందన్నమాట. సన్మానపత్రంలో రాయవలసింది ఇదీ. "నిరాడంబరులు" అన్న మాట పక్కన ఈ ఒక్క వాక్యం పెట్టి చూడండి, ఏది బరువుగా ఉందో మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ ఇటలీవాళ్ళు బొమ్మలమీద పూసిన లక్క వార్నిషు కాలం గడిచేకొద్దీ పసుపెక్కి బొమ్మల్ని మసకబార్చింది. తరువాతివాళ్ళు దాన్ని తొలగించడానికి నానా అవస్థా పడవలసి వచ్చింది. సన్మానంలో ఇవన్నీ ఎందుకండీ, అంటారు మన కార్యదర్శులు. ఎందుకంటే, ఆనాటికి తెలిసినంతలో కాపాడబోయిన మనిషి నిజంగా ఎంత కష్టమైన పనికి పూనుకున్నాడో ఇది చెపితేనే తెలుస్తుంది. మెచ్చుకోలు మాత్రమే తెలిసినవాడి మెచ్చుకోలుకి విలువేముంటుంది?

యజ్దానీగారి పేరిట పండితులు వ్యాసాలు కూర్చి ఒక స్మారక సంపుటం వేశారు. హెచ్.కె. షేర్వాణీగారు దానికి సంపాదకులు. మంచి పనే. అయితే అది వచ్చింది 1966లో. యజ్దానీగారు పోయింది 1962లో. మనవాళ్ళ అభినందన సంచికల పద్ధతి మొత్తంమీద ఇంతే. రావలసిన వేళకి రావు. వచ్చినా, ఎవరి పాండిత్యం వాళ్ళు వడ్డించుకుంటారు, పెళ్ళికొడుకుని విడిదిలో మరిచిపోయిన పెళ్ళివారిలాగా. చదువుకున్న ఇల్లాలు ఒకావిడ ఆ సంచిక చేతపట్టి, ఇంతకీ ఈయన ఏం చేశారమ్మా అని అడిగితే చెప్పే పేజీ ఒక్కటీ ఉండదు.

అంత దూరం వెళ్ళడమెందుకు, మన మదనపల్లె సంగతే చూద్దాం. 1919లో టాగూరు ఇక్కడికొచ్చి "జనగణమన"కి ఇంగ్లీషు చేశారని చిన్నపిల్లలు కూడా చెపుతారు. అప్పుడు దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఐర్లండు కవి. ఆయనకి మన చిత్రకళంటే ప్రాణం. దసరాకి మైసూరు వెళ్ళినప్పుడు జగన్మోహన ప్యాలెస్‌లో, చేతిలో దీపం పట్టుకుని నిలబడ్డ స్త్రీ బొమ్మ ముందు మీరూ ఆగే ఉంటారు. రవివర్మ గీశాడనుకుంటారు చాలామంది, గీసింది హల్దంకర్. 1924లో ఆ ప్యాలెస్‌లో కొత్త తరం చిత్రాల్ని ప్రజలకోసం అమర్చడానికి పూనుకున్నవాడు మన కజిన్సే. 1935లో తిరువనంతపురంలో శ్రీచిత్రాలయం తెరవడంలోనూ ఆయన చెయ్యే ఉంది. చివరికి మళ్ళీ మదనపల్లె చేరి, 1956లో ఇక్కడే కన్నుమూశారు.

మరి ఆయన భార్య? మార్గరెట్ కజిన్స్ సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. టాగూరు పాటకి స్వరలిపి రాసింది ఆవిడే. 1917లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్, 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడానికి ముందు నిలబడింది ఆవిడ. మన దేశంకోసం జైలుకి కూడా వెళ్ళింది. ముసలితనంలో పక్షవాతం వచ్చి మంచాన పడితే, మద్రాసు ప్రభుత్వమూ తరువాత నెహ్రూగారూ డబ్బు సాయం చేశారు. నన్నడిగితే అన్ని శాలువాలకంటే అదే అసలైన సన్మానం, మంచంమీదున్న మనిషికి పనికొచ్చింది కనక.

ఆ దంపతులిద్దరూ కలిసి 1950లో తమ జీవితకథ అచ్చు వేయించుకున్నారు. పేరు "వియ్ టూ టుగెదర్", అంటే "మేమిద్దరం కలిసి" అని. ఆయన ఒక గొంతు, ఆవిడ ఒక గొంతు. అభినందన సంచికలు వేసేవారు ఆ పేరొక్కటైనా నేర్చుకుంటే బాగుండును. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ అని మరో జంట, ఇద్దరూ శాంతినికేతనంలో చదువుకున్న చిత్రకారులు. జీవితమంతా ఏరి కూర్చిన కళాఖండాలతో 1976లో మ్యూజియం స్థాపించారు. దాని పేరులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. "సతీమణిగారిని కూడా" అని పిలవవలసిన అవసరం అక్కడ లేదు.

మీ ఊళ్ళో సన్మాన సంఘానికి కార్యదర్శి మీవారే అయితే, రాత్రి భోజనాల వేళ ఒక మాట వెయ్యండి. ఆయన చేరేనాటికి అక్కడ ఏముంది, దిగేనాటికి ఏముంది? పోతుందనుకున్నది ఏది దక్కింది? ఏది చెయ్యబోతే కుదరలేదు? ఇందులో ఇంకెవరి చెయ్యి ఉంది? ఈ నాలుగూ కనుక్కుని రాయమనండి. పళ్ళబుట్ట డబ్బులు మిగిల్చి, సభ మర్నాడు ఒక వ్యాను మాట్లాడించి, పిల్లల్నీ ఆడవాళ్ళనీ ఆ చిత్రశాలకే తీసుకెళ్ళమనండి. దిగిపోతున్న ఆ పెద్దాయననే పక్కన నడిపించుకుని, ఇదేమిటి, ఇదెక్కడిది అని ఒక్కొక్క బొమ్మ దగ్గరా అడగండి. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన ఎదురు చూస్తున్నది ఆ ప్రశ్నకోసమే.