మిషెల్ లెవీ రంగుల పటము: గుణదోష విచారణ

రాప్తాడు చుట్టుపట్ల పొలములలో కానవచ్చునవి చాలవరకు బూడిదవన్నె నైసు బండలు. దక్షిణముగా, ఒకప్పుడు బంగారము త్రవ్విన రామగిరి వైపు పోయినచో రాయి ఆకుపచ్చ చాయ తిరుగును. సుమారు 270 కోట్ల ఏండ్లనాటి బసాల్టు లావాలు వేడికిని ఒత్తిడికిని లోనై మారిన శిలలివి. ఆ పచ్చదనము హార్న్‌బ్లెండుదా, క్లోరైటుదా? మొదటిదైనచో ఆ రాయి 500 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపు వేడిని చూచినదనియు, అంతయు రెండవదేయైనచో 300, 400 డిగ్రీల దగ్గరనే ఆగినదనియు స్థూలముగా చెప్పవచ్చును. ఖనిజము విషయమున పొరపడినవాడు శిల చరిత్ర విషయముననే పొరపడును.

ఈ చిక్కు తీర్చుటకు విద్యార్థి చేతికిచ్చునది 1888లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మిషెల్ లెవీ ప్రకటించిన రంగుల పటము. రాతిని 0.03 మిల్లీమీటరు మందమునకు అరగదీసి, ఒకదాని కొకటి అడ్డముగా నిలిపిన రెండు పోలరాయిడ్ల నడుమ సూక్ష్మదర్శినిలో చూతురు. అప్పుడు కనుపించు వ్యతికరణ వర్ణమునకును, ఖనిజపు ద్వివక్రీభవనమునకును, ఛేదపు మందమునకును గల సంబంధము ఈ ఒక్క పుటలో ఇమిడియున్నది. క్వార్ట్జుకు 0.009, మందముతో గుణించిన 270 నానోమీటర్లు, అనగా తెలుపు. హార్న్‌బ్లెండుకు 0.020 అనుకొన్న 600, అనగా రెండవ శ్రేణి నీలము. ఇంత లెక్కను ఇంత సుందరముగా చూపిన పటములు అరుదు.

కాని చీరల దుకాణములో రంగు పోల్చినట్లు దీనిని వాడినచో మోసపోవుట తథ్యము. క్లోరైటు ద్వివక్రీభవనము మిక్కిలి స్వల్పము. పటము ప్రకారము నల్లని బూడిదవన్నె కానరావలెను. అయినను రామగిరి వంటి చోటుల పచ్చశిలలలోని క్లోరైటు తరచుగా చిక్కని నీలముగా మెరయును. పసుపు కాంతికి దాని ద్వివక్రీభవనము దాదాపు సున్న యగుటచే ఆ రంగు అణగి, నీలము మిగులును. ఈ అసాధారణ వర్ణమునకు పటములో చోటే లేదు. విద్యార్థి పటములోని నీలముతో పోల్చి "హార్న్‌బ్లెండు" అని వ్రాసికొనును! అసలు హార్న్‌బ్లెండుకో, దాని సహజమైన పచ్చదనమే వ్యతికరణ వర్ణమును కప్పివేయును. పైగా పటము చెప్పునది గరిష్ఠమైన విలువ. రేణువు అడ్డముగా తెగినచో రంగు దిగిపోవును.

కావున పై పోలరాయిడును తొలగించి, ముందు చీలిక గీతలను చూడవలెను. హార్న్‌బ్లెండు అడ్డుకోతలో రెండు వరుసల గీతలు 56, 124 డిగ్రీల కోణములలో ఖండించుకొనును. క్లోరైటులో అభ్రకమునకు వలె ఒకే వరుస. హార్న్‌బ్లెండు అంచులనే క్లోరైటు తినివేయుచున్నట్లు కనబడిన, వేడి తగ్గిన పిమ్మట నీరు తగిలి జరిగిన రెండవ మార్పు అది. అప్పుడు రెండు పేర్లును వ్రాయవలసినదే.

పటమును తెరచుటకు పూర్వము అదే ఛేదములోని క్వార్ట్జును గాని ప్లేజియోక్లేసును గాని చూచుట మేలు. అవి తెలుపు దాటి పసుపుకు తిరిగినచో రాయి ఇంకను మందముగా నున్నది, మరల అరగదీయవలెను.