పద్యబోధనలో దృశ్యఖండం: ‘నర్తనశాల’ సీసపద్యం

పద్యబోధనకు చలనచిత్ర ఖండాలను ఉపకరణాలుగా వినియోగించడం నేడు పరిపాటి. దృశ్యం పద్యాన్ని సుబోధం చేస్తుందన్నది దీనికి మూలమైన విశ్వాసం. ఆ విశ్వాసాన్ని పరీక్షించడానికి ‘నర్తనశాల’ (1963)లోని ఉత్తరగోగ్రహణ ఘట్టం తగిన ఉదాహరణ. అర్జునుడు ఉత్తరునికి కౌరవవీరులను ఎరుకపరిచే తిక్కన సీసపద్యాన్ని అందులో ఘంటసాల ఆలపించారు.

సీసపాదాలు నాలుగింటిలో ద్రోణ, అశ్వత్థామ, కృప, కర్ణులు వరుసగా వస్తారు. ఎత్తుగీతిలో దుర్యోధన, భీష్ములు వస్తారు. ప్రతి సీసపాదంలోనూ ముందు పతాకచిహ్నం దీర్ఘసమాసంగా పరచుకొంటుంది. వీరుని పేరు పాదాంతంలో గాని రాదు. దూరం నుండి చూచేవానికి మొదట ధ్వజం, పిమ్మట వీరుడు తెలుస్తారు. ఈ చూపుక్రమాన్నే తిక్కన పదక్రమంగా మలిచాడు.

ఘంటసాల గానం సమాసపు విరుపును, పాదాంతపు నిలుపును చెవికి అందిస్తుంది. అచ్చుపుటకు ఆ శక్తి లేదు. అయితే దృశ్యం ధ్వజాన్నీ వీరుణ్ణీ ఏకకాలంలో చూపగలదు. అప్పుడు పేరు కోసం పాదాంతం వరకు నిరీక్షించే పని విద్యార్థికి తప్పిపోతుంది. అర్థం సులభమవుతుంది, నిర్మాణం మరుగుపడుతుంది.

కావున మొదట శ్రవణం, పిదప అన్వయం, చివర దర్శనం అనే క్రమం సముచితం. అప్పుడు దృశ్యఖండం పద్యానికి ప్రత్యామ్నాయం కాక, విద్యార్థి ఊహతో పోల్చి చూడదగిన మరొక వ్యాఖ్యానం అవుతుంది.